ఆటకూ ఆదాయానికీ ఒకే కార్డు?

గ్రాఫిక్స్ కార్డు కొంటే సాయంత్రం గేమ్‌లు ఆడుకోవచ్చు, రాత్రంతా క్రిప్టో మైనింగ్ చేయించి దాని ఖరీదు దానితోనే రాబట్టుకోవచ్చు. ఒకప్పుడు సరిగ్గానే నిలిచిన లెక్క ఇది. ఇప్పుడు ఎందుకు నిలవడం లేదు? మరి కార్డు ఎంచుకునేది ఎలా?

"నాన్నా, సాయంత్రం ఓ రెండు గంటలు ఆడుకుంటానంతే. మిగతా టైమంతా అది మైనింగ్ చేస్తూ ఉంటుంది. ఏడాదిలో దాని డబ్బు అదే సంపాదించేసుకుంటుంది."

గేమింగ్ కంప్యూటర్ కొనిపెట్టమనే బీటెక్ పిల్లల నోట ఈ మాట ఇప్పటికీ వినిపిస్తోంది. కంప్యూటర్‌కయ్యే ఖర్చులో పెద్ద వాటా గ్రాఫిక్స్ కార్డుదే. అంత డబ్బు ఆటలకు పెట్టాలంటే ఏ ఇంట్లోనైనా వెనకాడతారు. అదే కార్డు సంపాదిస్తుందంటే మాత్రం మనసు మెత్తబడుతుంది. ఇరవై వేల కార్డు చాలనుకున్నవాళ్లు యాభై వేల కార్డు వైపు చూస్తారు. ఎక్కువ పెడితే ఎక్కువ వస్తుంది కదా అనిపిస్తుంది.

ఆ పిల్లలు అబద్ధం చెప్పడం లేదు. 2021లో ఇదే మాట చెప్పి ఉంటే అది నిజం కూడా. ఆ ఏడాది మే నెలలో ఈథీరియం నెట్‌వర్క్ నాణెమైన ఈథర్ ధర ఆకాశంలో ఉన్నప్పుడు ఆర్‌టీఎక్స్ 3080 కార్డు రోజుకు పది డాలర్లకు అటూఇటూగా సంపాదించింది. దాని ప్రకటిత ధర 699 డాలర్లు. మూడు నెలలు గడవకుండానే పెట్టుబడి చేతికొచ్చేది. అయితే ఆ ధరకు కార్డు దొరికితే కదా! ప్రపంచమంతటా దుకాణాలు ఖాళీ. దొరికినచోట రెట్టింపు ధర. గేమ్‌లు ఆడుకునేవాళ్లు నెలల తరబడి ఎదురుచూశారు.

ఆ రోజులు పోయాయి. పోయిన తేదీ కూడా చెప్పొచ్చు: 2022 సెప్టెంబర్ 15. ఆ రోజు ఏం జరిగిందో తెలియాలంటే ముందు కార్డు లోపల ఏం జరుగుతుందో చూడాలి. అది తెలిస్తే కార్డు ఎంచుకోవడం కూడా సులువవుతుంది.

ఆటకు కావాల్సింది వేరు

మామూలు ఫుల్ హెచ్‌డీ తెరమీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. మొత్తం 20,73,600. గేమ్ సాఫీగా కదలాలంటే సెకనుకు 60 బొమ్మలు గీయాలి. అంటే సెకనులో 12 కోట్ల 44 లక్షల చుక్కలకు ఏ రంగు వేయాలో తేల్చాలి. గోడమీద వెలుగెంత, నీడ ఎటు పడాలి, నీళ్లలో ఏది ప్రతిఫలించాలి, ఇవన్నీ ఆ రంగులోకి రావాలి. ఆరో ఎనిమిదో కోర్లుండే ప్రాసెసర్‌కు ఇది తలకు మించిన పని. గ్రాఫిక్స్ కార్డులో చిన్నచిన్న కోర్లు వేల సంఖ్యలో ఉంటాయి. ఆర్‌టీఎక్స్ 3060 టీఐలో 4,864. ఒక్కోటీ చేసేది చిన్న లెక్కే, కానీ అన్నీ ఒకేసారి చేస్తాయి.

మైనింగ్‌కు కూడా సరిగ్గా ఇలాంటి పనిమంతులే కావాలి. బిట్‌కాయిన్ వంటి నెట్‌వర్క్‌లో లావాదేవీల పుస్తకంలో కొత్త పేజీ చేర్చే హక్కు కోసం పోటీ జరుగుతుంది. ఒక అంకె ఊహించాలి, దాన్ని లెక్కలో వేసి ఫలితం చూడాలి, కుదరకపోతే ఇంకో అంకె ప్రయత్నించాలి. ఇలా చేసే ఒక్కో ప్రయత్నం ఒక హ్యాష్. ఒక ప్రయత్నానికీ ఇంకో ప్రయత్నానికీ సంబంధం లేదు కాబట్టి ఎన్ని కోర్లుంటే అన్ని ఒకేసారి చేయొచ్చు. గెలిచినవారికి కొత్త నాణేలు.

2009 జనవరిలో బిట్‌కాయిన్ మొదలైనప్పుడు మామూలు ప్రాసెసర్లే ఈ పని చేసేవి. 2010లో గ్రాఫిక్స్ కార్డులు రంగంలోకి దిగాయి. ఆ ఏడాది మే 22న 10,000 బిట్‌కాయిన్లిచ్చి రెండు పిజ్జాలు తీసుకున్న ఫ్లోరిడా ప్రోగ్రామర్ లాస్లో హాన్యెజ్ పేరు చాలామంది విన్నదే. గ్రాఫిక్స్ కార్డుతో మైనింగ్ చేసిన తొలి తరం మనిషి ఆయన. 2013 నాటికి ఆ ఒక్క లెక్క కోసమే తయారైన ఏసిక్ యంత్రాలు వచ్చాయి. ఆ తర్వాత వచ్చిన ఆంట్‌మైనర్ ఎస్19 ప్రో సెకనుకు 110 లక్షల కోట్ల హ్యాష్‌లు చేస్తుంది. గ్రాఫిక్స్ కార్డు చేసేది కొన్ని వందల కోట్లు. కనుక కార్డుతో బిట్‌కాయిన్ తవ్వుదామన్న ఆలోచన పదేళ్ల కిందటే ముగిసిపోయింది. ఇది తెలియక ఇప్పటికీ "బిట్‌కాయిన్ కోసం ఏ కార్డు మంచిది" అని దుకాణాల్లో అడిగేవాళ్లున్నారు.

8,192తో భాగించండి

కార్డులకు మళ్లీ ప్రాణం పోసింది ఈథీరియం. 2015 జూలై 30న మొదలైంది. ఏసిక్ యంత్రాలకు లొంగకూడదని దాని రూపకర్తలు లెక్కను వేరే రకంగా కట్టారు. ఆ లెక్క పేరు ఈథాష్. దీనిలో కోర్ల బలానికన్నా మెమరీ వేగానికి విలువ ఎక్కువ.

సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఎంత చురుకైన గుమస్తా ఉన్నా, ప్రతి కాగితానికీ 64 సార్లు రికార్డు రూమ్‌కు వెళ్లి ఒక్కో పాత దస్తావేజు చూసి రావాల్సి వస్తే, పని ఎంతసేపట్లో అవుతుందన్నది అతని చేతి వేగం మీద కాక నడక మీద ఆధారపడుతుంది. ఈథాష్ అచ్చం ఇలాగే పనిచేస్తుంది. కార్డు మెమరీలో కొన్ని జీబీల పెద్ద పట్టిక ఒకటి పెట్టుకోవాలి. ఒక్కో హ్యాష్‌కు ఆ పట్టికలో 64 చోట్లకు వెళ్లి, వెళ్లిన ప్రతిసారీ 128 బైట్లు చదవాలి. మొత్తం 8,192 బైట్లు.

అంటే కార్డు వివరాల్లో ఉండే మెమరీ బ్యాండ్‌విడ్త్‌ను (మెమరీ వేగాన్ని) 8,192తో భాగిస్తే ఆ కార్డు ఈథీరియం ఎంత తవ్వగలదో దాదాపుగా తెలిసిపోతుంది. ఆర్‌టీఎక్స్ 3060 టీఐ బ్యాండ్‌విడ్త్ సెకనుకు 448 జీబీ. భాగిస్తే 5 కోట్ల 47 లక్షల హ్యాష్‌లు, అంటే 54.7 మెగాహ్యాష్. మెమరీ వేగం కాస్త పెంచుకుని మైనర్లు దీన్నుంచి 60 దాకా రాబట్టారు. దీనికన్నా వంద డాలర్లు ఎక్కువైన ఆర్‌టీఎక్స్ 3070కి కోర్లు ఎక్కువ, గేమ్‌ల్లో వేగం ఎక్కువ. బ్యాండ్‌విడ్త్ మాత్రం అదే 448. మైనింగ్‌లో వచ్చిందీ అదే 60. ఆట కోసం పెట్టిన ఆ వంద డాలర్లకు మైనింగ్‌లో పైసా విలువ లేదు.

2016, 2017 నాటి ఏఎండీ ఆర్ఎక్స్ 480, 580 కార్డులు (ఎనిమిది జీబీవి) అప్పట్లో ఎందుకంత గిరాకీ పలికాయో కూడా ఈ లెక్కే చెబుతుంది. బ్యాండ్‌విడ్త్ 256, భాగిస్తే 31 మెగాహ్యాష్. తక్కువ ధరకు ఎక్కువ మెమరీ వేగం. లెక్క తప్పిన కార్డులు కూడా లేకపోలేదు. జీటీఎక్స్ 1080 దాని చిన్న తమ్ముడు 1070 కన్నా ఆటల్లో మేలు, బ్యాండ్‌విడ్త్ కూడా ఎక్కువే. అయినా దానిలో వాడిన రకం మెమరీ ఇలా అక్కడక్కడా కొంచెం కొంచెం చదివే పనికి సరిపడక, మొదట్లో 1070 కన్నా తక్కువే తవ్వింది.

ఇక్కడినుంచే ఆటదారీ మైనింగ్‌దారీ విడిపోవడం మొదలైంది. 2020 చివర్లో ఏఎండీ తెచ్చిన ఆర్ఎక్స్ 6800 ఎక్స్‌టీ చాలా గేమ్‌ల్లో ఆర్‌టీఎక్స్ 3080కి దీటుగా నిలిచింది. మెమరీ బ్యాండ్‌విడ్త్ చూస్తే 3080ది 760, దీనిది 512 మాత్రమే. ఆ లోటు తీర్చడానికి చిప్ లోపలే 128 ఎంబీల వేగవంతమైన క్యాష్ పెట్టారు. గేమ్‌లు ఒకే బొమ్మలు, ఒకే గోడలు మళ్లీ మళ్లీ చదువుతాయి కాబట్టి ఆ చిన్న క్యాష్‌తో పని జరిగిపోతుంది. నాలుగు జీబీలు దాటిన ఈథాష్ పట్టికలో ఎప్పుడు ఏ మూలకు వెళ్లాలో తెలియదు. 128 ఎంబీలు దానికి ఏ మూలకూ చాలవు. ఫలితంగా ఆటలో సమానమైన ఈ రెండు కార్డుల్లో ఒకటి 62, ఇంకొకటి 95 దాటి తవ్వాయి. ఏఎండీవారి పాత 5700 ఎక్స్‌టీ కార్డు, కొత్త 6700 ఎక్స్‌టీ కన్నా ఆటలో వెనకబడింది, మైనింగ్‌లో ముందుంది.

తర్వాత వచ్చిన కార్డులు చాలావరకు ఈ దారిలోనే నడిచాయి. 2023లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060కి లోపలి క్యాష్ పెరిగింది, బ్యాండ్‌విడ్త్ 272కు తగ్గింది. 115 వాట్లలో ఫుల్ హెచ్‌డీ గేమ్‌లు హాయిగా నడుపుతుంది. ఈథాష్ లెక్కలో మాత్రం ఆరేళ్ల పాత ఆర్ఎక్స్ 580 పక్కన నిలబడుతుంది. నా దృష్టిలో ఇది చాలా మంచి మార్పు. కార్డు మళ్లీ ఆడుకునేవారి చేతికి వచ్చింది.

మధ్యలో మైనింగ్‌ను అడ్డుకోవడానికి తాళాలు వేసి చూడటం కూడా జరిగింది. 2021 ఫిబ్రవరి 25న ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060ని ఈథీరియం వేగం సగానికి తగ్గించే ఏర్పాటుతో విడుదల చేసింది. మరుసటి నెలలోనే ఆ కంపెనీ డ్రైవర్ ఒకటి పొరపాటున ఆ తాళాన్ని తీసేసింది. తర్వాత ఎల్‌హెచ్‌ఆర్ పేరుతో మరిన్ని కార్డులు వచ్చాయి. 2022 మేలో నైస్‌హ్యాష్ సాఫ్ట్‌వేర్ వాటినీ పూర్తిగా తెరిచేసింది. అప్పటికి అసలు ఆట ముగింపుకొచ్చింది.

తవ్వకం ఆగిన రోజు

2022 సెప్టెంబర్ 15న ఈథీరియం మైనింగ్‌ను పూర్తిగా వదిలేసింది. లెక్కలు చేసి పోటీపడే బదులు, ఈథర్‌ను పూచీగా పెట్టినవారే లావాదేవీలను ధ్రువీకరించే పద్ధతికి మారింది. నెట్‌వర్క్ కరెంటు వాడకం 99.9 శాతానికి పైగా తగ్గిపోయింది. ఈథీరియం తవ్వుతున్న కార్డులన్నీ ఒక్కరోజులో పనిలేకుండా కూర్చున్నాయి.

కొన్ని వేరే నాణేల వైపు మళ్లాయి. ఈథీరియం క్లాసిక్, రావెన్‌కాయిన్, ఎర్గో వంటివి. చిన్న చెరువుకు పెద్ద ఏరు మళ్లినట్టయింది పరిస్థితి. పంచుకోవాల్సిన బహుమతి ఎప్పటిదే, పంచుకునేవాళ్లు ఎన్నో రెట్లు. ఒక్కొక్కరికీ దక్కేది కరెంటు ఖర్చుకన్నా కిందికి పడిపోయింది. కాస్పా వంటి కొత్త నాణెం కొంతకాలం ఆశ చూపింది. 2023లో దానికీ ఏసిక్ యంత్రాలు వచ్చేసి కార్డులను పక్కకు నెట్టేశాయి. కార్డులతో తవ్వే ఏ నాణెమైనా విలువ పెరిగితే ఏసిక్ తయారీదారుల కళ్లు దానిమీద పడతాయి. పెరగకపోతే తవ్వి లాభం లేదు. మొనెరో ఏసిక్‌లకు లొంగకుండా ఉంది కానీ, దాని లెక్క ప్రాసెసర్‌కు అనువుగా కట్టింది, గ్రాఫిక్స్ కార్డుకు కాదు.

రేపు ఏదో కొత్త నాణెం వచ్చి, కొన్ని వారాలు లాభం చూపించొచ్చు. ఆ మాట కాదనను. కానీ ఆ రాని నాణెం మీద నమ్మకంతో ఇవాళ పాతిక వేలు ఎక్కువ పెట్టి కార్డు కొనమని ఏ ఇంటివారికీ నేను చెప్పలేను.

మన ఇంటి మీటర్ ఏమంటుంది

ఎవరైనా "నెలకింత వస్తుంది" అని చెబితే ముందు కరెంటు లెక్క వేయండి. కార్డును పొదుపుగా సర్ది 120 వాట్ల దగ్గర నడిపినా, మిగతా కంప్యూటర్‌తో కలిపి గోడ ప్లగ్ దగ్గర 200 వాట్లు అనుకుందాం. రోజుకు 4.8 యూనిట్లు. నెలకు 144. ఎక్కువ వాడే ఇళ్లకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పై శ్లాబుల్లో యూనిట్ తొమ్మిది, పది రూపాయల దరిదాపుల్లో ఉంది. తొమ్మిదే వేసుకుంటే నెలకు 1,296 రూపాయలు, రోజుకు 43. అంటే ఆ కార్డు రోజుకు సుమారు అర డాలర్ సంపాదిస్తే కరెంటు డబ్బులొచ్చినట్టు. ఆ పైన వచ్చిందే ఆదాయం. మధ్యరకం కార్డులకు 2022 చివరినుంచి చాలాకాలం ఆ అర డాలరే గగనమైంది.

శ్లాబుల సంగతి ఇంకా ఉంది. ఈ 144 యూనిట్లు ఇంట్లో ఫ్యాన్లు, ఫ్రిజ్ వాడిన యూనిట్ల మీద వచ్చి పడతాయి. తక్కువ శ్లాబులో ఉండాల్సిన ఇల్లు పై శ్లాబుకు ఎగబాకుతుంది. తెలంగాణలో గృహజ్యోతి కింద అర్హులైన ఇళ్లకు 200 యూనిట్లలోపు వాడితే జీరో బిల్లు. 120 యూనిట్లతో నెల గడిచే ఇంట్లో ఈ పెట్టె పగలూ రాత్రీ నడిస్తే మీటర్ 264 చూపిస్తుంది. ఆ నెల జీరో బిల్లు పోయి మొత్తం బిల్లు కట్టాల్సిందే. పిల్లవాడి గదిలో ఏం నడుస్తోందో తెలియని తల్లి, ఈ నెల బిల్లెందుకొచ్చిందని లైన్‌మన్‌ను అడుగుతుంది.

ఇక మన ఎండ. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం గదిలో గాలే నలభై డిగ్రీలకు దగ్గరగా ఉంటే, ఆ గాలితోనే కార్డు చల్లబడాలి. ఆర్‌టీఎక్స్ 3080, 3090 కార్డుల్లోని జీడీడీఆర్6ఎక్స్ మెమరీ చల్లటి దేశాల్లోనే మైనింగ్ చేసేటప్పుడు వంద డిగ్రీలు దాటేది. 110 దగ్గర కార్డు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. గేమ్ ఆడేటప్పుడు మెమరీకి మధ్యమధ్య ఊపిరి దొరుకుతుంది. మైనింగ్‌లో దొరకదు. 200 వాట్ల పెట్టె 200 వాట్ల హీటర్ కూడా. వేసవిలో ఆ వేడిని బయటికి పంపడానికి ఏసీ వేస్తే దాని యూనిట్లు మళ్లీ వేరే.

పన్ను లెక్క చాలామంది చివరికి చూస్తారు, చూసి కంగారుపడతారు. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం ఆదాయపు పన్ను, దానిమీద సెస్. కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ మినహాయించుకోవడానికి లేదు. ఒకదానిలో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంతో సరిపెట్టుకోవడానికీ లేదు. మైనింగ్ కోసం పెట్టిన యంత్రాల ఖర్చును కొన్న ధరగా లెక్కించరని 2022 మార్చిలోనే కేంద్ర ఆర్థికశాఖ లోక్‌సభకు చెప్పింది. దీని అర్థం ఇలా చూడండి. నెలకు 1,500 రూపాయల నాణేలు తవ్వి అమ్మారనుకుందాం. కరెంటుకు 1,296 పోయింది. చేతిలో మిగిలింది 204. పన్ను పడేది ఆ 204 మీద కాదు, 1,500 మీద. 30 శాతమే 450. చేసిన పనికి మీరే ఎదురు కట్టినట్టు. నాణేలు అమ్మేటప్పుడు 1 శాతం టీడీఎస్ కూడా 2022 జూలై 1 నుంచి అమల్లో ఉంది.

అయితే ఏది కొనాలి?

ఆట కోసమే కొనండి. ఆ మాట ఖాయం చేసుకున్నాక ఎంపిక ఎంత తేలికవుతుందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది.

ముందు మానిటర్ చూడండి. కార్డును నిర్ణయించేది అదే. ఫుల్ హెచ్‌డీ, 60 హెర్ట్జ్ మానిటర్ ఉన్న ఇంట్లో పెద్ద కార్డు పెడితే అది గీసిన బొమ్మల్లో సగం తెరమీదకే రావు. వాలరాంట్, కౌంటర్ స్ట్రైక్ 2, జీటీఏ 5 వంటివి ఆడేవారికి ఆర్‌టీఎక్స్ 4060, 5060, ఆర్ఎక్స్ 7600, ఇంటెల్ ఆర్క్ బీ580 తరగతి కార్డు పుష్కలంగా సరిపోతుంది. మిగిలిన డబ్బుతో 144 హెర్ట్జ్ మానిటర్ కొంటే తేడా కళ్లకు కనిపిస్తుంది. సైబర్‌పంక్ 2077 వంటి భారీ గేమ్‌లను 1440 చుక్కల మానిటర్ మీద ఆడాలనుకునేవారు ఆర్‌టీఎక్స్ 5060 టీఐ లేదా ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ వైపు వెళ్లొచ్చు. రెండింటికీ ఎనిమిది జీబీ, పదహారు జీబీ రకాలున్నాయి. పదహారే తీసుకోండి. మెమరీ చాలనప్పుడు గేమ్ నెమ్మదిగా నడవడం కాదు, నడుస్తూ నడుస్తూ తూలుతుంది. అది భరించడం కష్టం.

మైనింగ్ కాలంలో మెమరీ ఎంతన్నది తవ్వే నాణేన్ని బట్టి ఉండేది. ఈథాష్ పట్టిక పెరిగిపోయి 2020 డిసెంబర్‌లో నాలుగు జీబీ కార్డులన్నీ ఈథీరియం నుంచి తప్పుకున్నాయి. ఇప్పుడు గేమ్‌లు కూడా అదేవిధంగా ఎనిమిది జీబీల గడప దగ్గరికి వచ్చాయి. నాలుగేళ్లు వాడాలనుకుంటే పన్నెండుకు తగ్గకుండా చూసుకోవడం మేలు. బడ్జెట్ కుదరకపోతే ఎనిమిదితో ఫుల్ హెచ్‌డీలో బాధలేకుండా ఆడొచ్చు, సెట్టింగ్‌లు కాస్త దించుకోవాలి.

డాలర్ల ధర చూసి రూపాయల్లోకి మార్చుకుని దుకాణానికి వెళితే నిరాశే. 18 శాతం జీఎస్టీ, దిగుమతిదారు, పంపిణీదారు వాటాలు ఉంటాయి. పైగా ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివర్లో మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి. పవర్ సప్లై (ఎస్ఎంపీఎస్) దగ్గర మాత్రం పొదుపు చేయకండి. పేరులేని ఎస్ఎంపీఎస్ తగలబడితే తనతోపాటు కార్డునూ తీసుకుపోతుంది. మన దగ్గర కరెంటు వచ్చీపోయే ఊళ్లలో ఇది తరచూ చూస్తున్నదే.

కార్డుకు రెండో పని కావాలన్న పిల్లల కోరికలో తప్పులేదు. ఆ రెండో పని మైనింగ్ అవనక్కర్లేదు. పన్నెండు జీబీల ఆర్‌టీఎక్స్ 3060 గేమ్‌ల్లో అంత గొప్పది కాకపోయినా, మెషీన్ లెర్నింగ్ నేర్చుకునే విద్యార్థుల చేతుల్లో ఇన్నేళ్లుగా నిలిచి ఉంది. కారణం ఆ మెమరీ, దానితోపాటు ఇలాంటి పనులకు ఎన్విడియా ఇచ్చే కుడా (CUDA) సాఫ్ట్‌వేర్. చిన్న భాషా నమూనాలను ఇంట్లోనే నడిపి చూడొచ్చు. ఉచితంగా దొరికే బ్లెండర్‌లో త్రీడీ నేర్చుకోవచ్చు. హైదరాబాద్‌లో యానిమేషన్, వీఎఫ్ఎక్స్ స్టూడియోలకు ఆ పనొచ్చినవాళ్లు కావాలి. తండ్రిని ఒప్పించడానికి పిల్లలకు ఇంతకన్నా గట్టి కారణం లేదు, పైగా ఇది నిలిచే కారణం.

ఇప్పటికే కార్డు కొనేసి, మైనింగ్ ఎలా ఉంటుందో నేర్చుకోవాలన్న కుతూహలం ఉంటే కొన్ని రోజులు చేసి చూడండి. పవర్ లిమిట్ 60, 70 శాతానికి దించండి, మెమరీ వేడి మీద కన్నేసి ఉంచండి. మైనింగ్ సాఫ్ట్‌వేర్ పేరుతో పాస్‌వర్డ్‌లు దోచేవి ఎన్నో తిరుగుతున్నాయి కాబట్టి బ్యాంకు పనులు చేసే కంప్యూటర్లో పెట్టకండి. కాలేజీ ల్యాబ్‌లోనో హాస్టల్‌లోనో పెట్టడం మాత్రం వద్దు. ఆ కరెంటు ఇంకొకరిది.

సెకండ్ హ్యాండ్ కార్డు: భయమెంత, బేరమెంత

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనే చోట, పాత కార్డులు దొరకని రోజుండదు. ఆన్‌లైన్‌లో ఇంకా ఎక్కువ. 2022 తర్వాత మైనింగ్ నుంచి బయటపడిన కార్డులు దేశదేశాలు తిరిగి చేతులు మారుతూనే ఉన్నాయి. "మైనింగ్ కార్డా, అయితే వద్దు" అనడం తొందరపాటు. స్థిరమైన వేడిలో, తక్కువ వోల్టేజీలో నడిచిన చిప్‌కు పెద్దగా ఏమీ కాదు. అరిగిపోయేవి ఫ్యాన్ల బేరింగులు, ఎండిపోయేవి థర్మల్ పేస్టు, ప్యాడ్లు. ఇవి మార్చుకోవచ్చు. భయపడాల్సింది ఏళ్ల తరబడి వంద డిగ్రీలమీద ఉడికిన మెమరీ చిప్‌ల గురించి. పైనుంచి చూస్తే ఆ జబ్బు కనబడదు.

కాబట్టి కార్డు మీ కళ్లముందు నడవాలి. వీడియో చూపిస్తాం, ఫొటో చూపిస్తాం అంటే కుదరదు. అమ్మేవారి కంప్యూటర్‌లోనే పెట్టించి, జీపీయూ-జడ్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచి కార్డు పేరు, మెమరీ, కోర్ల సంఖ్య చూడండి. ఆర్ఎక్స్ 580 పేరుతో 2,304 కోర్లకు బదులు 2,048 కోర్ల రకం విరివిగా అమ్ముతారు. ఆ తరం ఏఎండీ కార్డుల్లో మైనింగ్ కోసం బయోస్ (కార్డు లోపలి మూల సాఫ్ట్‌వేర్) మార్చేసినవి చాలా ఉన్నాయి. వాటితో గేమ్‌లు మధ్యలో ఆగిపోతాయి, అసలు బయోస్ తిరిగి వేయించుకోవాలి. పీ106, సీఎంపీ పేర్లతో ఉన్నవి మైనింగ్ కోసమే చేసినవి. మానిటర్ వైరు పెట్టే చోటే ఉండదు. ఎంత చవకైనా వాటి జోలికి పోవద్దు.

తర్వాత ఓ అరగంట భారీ గేమ్‌గానీ త్రీడీమార్క్ పరీక్షగానీ నడిపించండి. తెరమీద రంగు చుక్కలు, గళ్లు మెరిస్తే మెమరీ పోతున్నట్టు. ఫ్యాన్ గరగరలాడితే ధర తగ్గించమనండి. హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికన్నా వేడెక్కే చోటు) వేడికీ మామూలు వేడికీ మధ్య తేడా పాతిక డిగ్రీలు దాటిపోతే పేస్టు మార్చాల్సిందే. ప్యాడ్ల నుంచి కారిన నూనె మరక బోర్డు అంచున కనిపిస్తే అది చాలాకాలం బాగా కాలిందని అర్థం. స్క్రూల మీది వారంటీ స్టిక్కర్ చిరిగి ఉంటే ఎవరు విప్పారో, ఏం మార్చారో అడగండి.

ఒరిజినల్ బిల్లు ఉందా, దాని మీది సీరియల్ నంబర్, కార్డు వెనక ఉన్న నంబర్ ఒకటేనా? కొన్ని కంపెనీల వారంటీ మన దేశంలో మూడేళ్లు ఉంటుంది, ఆ నంబర్‌తోనే సర్వీస్ సెంటర్ చూస్తుంది. బిల్లు చేతిలో ఉన్న రెండేళ్ల కార్డుకూ, బిల్లు లేని అదే కార్డుకూ ధరలో మంచి తేడా ఉండాలి. అమ్మేవారు ఆ తేడా ఇవ్వనంటే పక్క దుకాణానికి వెళ్లండి. అక్కడా అదే కార్డు ఉంటుంది.